చర్ల బస్సులో మధిర గేటు కథ

భద్రాచలం సభలో నాకు శాలువా కప్పలేదని, ఆ ఉక్రోషంతో చర్ల బస్సెక్కి అడవిలోకి వెళ్లిపోయానని ఖమ్మంలో చెప్పుకుంటున్నారు. రెండూ అబద్ధాలే. శాలువా కప్పారు. ముదురాకుపచ్చది. ఒక్క ఉతుకుకే రంగు దిగింది, ప్రస్తుతం మా కుట్టుమిషను మీద ఉంది. నేను చర్లకు వెళ్లింది, నా కథకు ముగింపు మార్చమన్నారు కాబట్టి. ఆ సంగతి ఎవరూ చెప్పరు. అలిగిన ఆడమనిషి కబురైతే నోటికి రుచిగా ఉంటుంది మరి.

ఖమ్మంలో ఆరింటి బస్సు ఎక్కాను. తల్లాడలో టీ, కొత్తగూడెంలో ఇడ్లీ. ఇడ్లీ సంగతి వదిలేయండి, చట్నీ కోసం తినవచ్చు. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి పది. ఎండలు ముదరలేదు గానీ నీళ్లు అప్పటికే ఒక ఒడ్డుకు ఒదిగి పడుకున్నాయి, మిగతాదంతా ఇసుక.

అది కొత్త కథకుల సభ. నా కథను కవిత అనుకుని పొగిడాడొక వక్త. సరిదిద్దబోతే చప్పట్లు మొదలయ్యాయి. భోజనాల దగ్గర ఒక వారపత్రిక సంపాదకుడు నా పక్కన కూర్చున్నారు. అన్నంలో సాంబారుకు గుంట చేసుకుంటూ, “మీ కథ వేస్తానమ్మా. కానీ ఆవిడ రైలెక్కిందో లేదో చెప్పండి. పాఠకుణ్ణి గేటు దగ్గర నిలబెట్టి పోతే ఎట్లా?” అన్నారు. మర్నాడు సాయంత్రం దాకా సత్రంలోనే ఉంటానని, ఆలోగా మార్చి ఇమ్మని చెప్పారు.

నా కథ ఇంతే. మధిర దగ్గర ఒక రైలు గేటు. గేటుమన్ భార్య ఏళ్ల తరబడి రైళ్లను చూస్తూ, ఒక్కటీ ఎక్కకుండా బతికింది. ఒకనాడు సిగ్నల్ అందక రైలు గేటు దగ్గరే ఆగుతుంది. ఎదురుగా ఒక బోగీ తలుపు తెరిచి ఉంటుంది. ఆమె చేతిలో మొగుడికి తెచ్చిన టీ గ్లాసు. రైలు మెల్లగా కదులుతుంది. అక్కడ ఆపేశాను.

పెళ్లికి ముందునుంచీ రాస్తున్నాను. అప్పటికి ఒక్కటీ అచ్చు కాలేదు. ఇప్పుడు ఒక్క వాక్యం చాలు. ఎక్కింది అన్నా వేస్తారు, ఎక్కలేదు అన్నా వేస్తారు. ఆ వాక్యం నా దగ్గర లేదు. చర్లలో నా కాలేజీ స్నేహితురాలు టీచరు. ఆమెను అడుగుదామని రెండున్నర బస్సు పట్టుకున్నాను.

వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ చూసుకోండి. చెట్ల సందుల్లో గోదావరి కనిపిస్తుంది, మాయమవుతుంది, మరిచిపోయాక మళ్లీ కనిపిస్తుంది. దుమ్ముగూడెం దాటాక పోలీసులు బస్సు ఆపి తనిఖీకి మగవాళ్లను దింపారు. ఆడవాళ్లం లోపలే ఉన్నాం. ఇప్పచెట్లు పూలు రాలుస్తున్నాయి. ఆ తియ్యటి మత్తు వాసన కిటికీలోంచి వచ్చి తలలో కూర్చుంది. నేను బస్సులో ఉన్నానో, ఎప్పుడో రాసిన పేజీలో ఉన్నానో తెలియలేదు.

పక్కసీటు మరియమ్మ, చర్ల దవాఖానాలో నర్సు. “ఏం చేస్తరు మేడమ్?” అంది.

“కథలు రాస్తాను.”

“ఏడ పడ్డయ్?”

“ఎక్కడా పడలేదు.”

“అయితే చెప్పుండ్రి. బస్సు ఇప్పట్ల కదలదు.”

మొదలుపెట్టాను. ముందుసీట్లో ఒడిలో బుట్ట పెట్టుకున్న ఒకామె, వెనక్కి తిరగకుండానే “ఊ” అంది. మా అమ్మమ్మ ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథే చెప్పేది కాదు. ఊ ఆగిందంటే అందరూ నిద్రపోయారని ఆమె కూడా అటు తిరిగి పడుకునేది. బుట్టామె నా మాటలను తన భాషలో పక్కవాళ్లకు చెబుతోంది. అందుకని వాళ్ల ఊ కాస్త ఆలస్యంగా, కొండ మీంచి తిరిగొచ్చినట్టు వచ్చేది. అంతటి సభలో నాకు అలాంటి ఊ ఒక్కటీ దొరకలేదు.

రైలు కదిలింది. నేను ఆగాను.

“తర్వాత?”

“అంతే.”

“అంతే ఏంది?” బుట్టామె అప్పుడు తిరిగింది. “ఎక్కి ఉంటది. గ్లాసు గేటు మీద పెట్టి ఎక్కి ఉంటది.”

“ఎట్లెక్కుతది? గేటు ఎవరు తీస్తరు, మీ అయ్య తీస్తడా?” అంది ఇంకొకామె.

“గేటు తీసే పని మొగునిది కదనే,” అంది మరియమ్మ.

“కాయితం మీద మొగునిది,” అంది ఆ ఇంకొకామె.

మగవాళ్లు తిరిగి ఎక్కారు, బస్సు కదిలింది, తగువు ఆగలేదు. చర్లలో దిగి సంత వైపు నడుస్తూ కూడా చేతులు ఊపుకుంటూనే ఉన్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నా పేరు కూడా.

స్నేహితురాలు కడుపునిండా అన్నం పెట్టింది, అభిప్రాయం మాత్రం పెట్టలేదు. పొద్దున్నే ఇప్పచెట్ల కింద కూర్చుని రెండు వాక్యాలూ రాసి చూశాను. రెండూ నావి కావనిపించింది.

మధ్యాహ్నం తిరుగు బస్సు. దారిలో ఎక్కిన ఒకామె నా పక్కన సర్దుకుని కూర్చుని, “అక్కా, ఇది విన్నవా? డోర్నకల్ కాడ ఒక గేటుమన్ పెండ్లాం ఉండెనంట. మా మేనత్తోళ్ల ఊరే,” అంది.

నిన్నటి బస్సులో ఈమె లేదు. “ఊ,” అన్నాను.

నేను పేరు పెట్టని మొగుడికి యాదగిరి అని పేరొచ్చింది. టీ గ్లాసు పోయి, చంకలోకి కోడిపెట్ట వచ్చింది. రైలు ఆగింది, తలుపు తెరిచి ఉంది, కోడి కొట్టుకుంటోంది. నేను ఊ కొడుతూనే ఉన్నాను. అది నా కథ అని చెప్పాలన్న ఆలోచన వచ్చింది, పోయింది. చెబితే ఆమె చివరిదాకా చెప్పకుండా ఆపేస్తుందేమోనని భయం.

“దుమ్ముగూడెం, జల్దీ దిగాలె,” అని కండక్టర్ అరిచాడు. ఆమె గబుక్కున లేచి దిగిపోయింది.

నేను కిటికీలోంచి సగం బయటికి వంగాను. “ఎక్కిందా, లేదా?”

ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. ఏదో చెప్పింది. పెదవులు కదలడం చూశాను. డ్రైవర్ అప్పుడే హారన్ కొట్టాలా, మాట వినబడలేదు.

సత్రంలో సంపాదకుడు సంచీ సర్దుకుంటున్నారు. “తేలిందా అమ్మా?”

“తేలింది. దుమ్ముగూడెంలో దిగిపోయింది.”

ఆయన నన్ను జాలిగా చూశారు. కథ ఆయన సంచీలోకి వెళ్లలేదు, నా సంచీలోనే ఖమ్మం వచ్చింది. ఇప్పటికీ అచ్చు కాలేదు. ఖమ్మం బస్సులో వంతెన దాటుతుంటే ఇసుక మీద సందె వెలుగు పరుచుకుంది. ఆ ఒడ్డున నా కథ నన్ను వదిలేసి ఊళ్లు తిరుగుతోందన్న ఊహ నిద్రలాగా కమ్మింది. బాధ లేదంటే అబద్ధం. పేరు పడితే బాగుండేది. కానీ అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది.

మీలో ఎవరైనా ఆ దారిన వెళ్తే, కోడిపెట్టను చంకన పెట్టుకున్న ఆడమనిషి కథ ఎవరైనా ఎత్తుకుంటే, చివరిదాకా ఊ కొట్టండి, వాళ్లను మధ్యలో దిగనివ్వకండి. నా కోసం ఒక్కటి అడగండి. ఆమె రైలెక్కిందా?