అందని వాళ్ళెవరైనా ఉన్నారా?

నా చిన్నప్పుడు సాలూరులో మా చర్చికి నెలకోసారి బల్ల ఆదివారం వచ్చేది. ప్రభువు బల్ల అన్నమాట, యేసు చివరి భోజనానికి గుర్తు. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే ఇస్తారు. నాకింకా కాలేదు కనుక ఆ రొట్టెను చూసే హక్కు మాత్రమే ఉండేది. దాన్ని నేను బాగానే వాడుకునేదాన్ని.

మా తాతయ్య సంఘ పెద్ద. పళ్ళెం పట్టుకుని చాపల వరసల వెంట రొట్టె పంచేది ఆయనే. అందరి చేతుల్లోకీ ముక్క వచ్చేదాకా ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు. చివర్లో మా పాస్టరు అయ్యగారు, "అందని వాళ్ళెవరైనా ఉంటే చెయ్యెత్తండి" అనేవారు. ఎవరూ ఎత్తేవారు కాదు. పొరపాటున ఒకరిని దాటేసే రకం కాదు మా తాతయ్య.

మా చిన్నాన్న లారీ డ్రైవరు. కొత్త లారీ ఎక్కిన రోజున ఓనరు చెప్పాడని కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అది అన్యుల ఆచారమని సంఘం విచారణ జరిపి అతన్ని బల్ల నుంచి ఆపేసింది. తీర్పు చదివింది తాతయ్యే. "ఘాటీలో బ్రేకు పట్టకపోతే మీ బల్ల అడ్డొస్తాదేటి?" అని అడిగి, చిన్నాన్న దేవుణ్ణీ ఇంటినీ ఒకేసారి వదిలేశాడు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు సరిగ్గా ప్రార్థన వేళకే చర్చి ముందు హారన్ కొట్టుకుంటూ పోయేవాడు. అది పలకరింపు కాదని పిల్లలకు కూడా తెలుసు.

అలాంటివాడు ఒక బల్ల ఆదివారం చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, మగవాళ్ళ చివరి చాప మీద కూర్చున్నాడు. పక్కనున్న ఇద్దరు సర్దుకున్నారు, చోటివ్వడానికి కాదు.

తాతయ్య పళ్ళెంతో ఆ వరసకు వచ్చాడు. చిన్నాన్న అరచేయి చాపాడు. తాతయ్య గోడవైపు చూసుకుంటూ ఆ చేతిని దాటి వెళ్ళిపోయాడు. చిన్నాన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకొక్క నిమిషం అలాగే ఉండి లేచిపోతే, ఇక జన్మలో ఈ గుమ్మం తొక్కడని అతని మొహమే చెబుతోంది.

అయ్యగారు అలవాటుగా అడిగారు. నా పక్కనే ఉన్న నాయనమ్మ చెయ్యెత్తింది.

"మీ చేతిలో ఉందిగా అమ్మా" అన్నారాయన.

"నాకు అందినాది అయ్యగోరూ. ఆడికి అందలేదు."

"ఆడు బల్లలో లేడు" అన్నాడు తాతయ్య, అటునుంచే. "ముందు సంఘం ఎదర తప్పొప్పుకోవాల. సెయ్యి దించు. ఇది నీ వంటిల్లు కాదు."

"నా వంటిల్లయితే ఈపాటికి తినేసుండును ఆడు."

ఒకాయన చాలాసేపు దగ్గాడు. అయ్యగారు బైబిల్లో దేనికోసమో వెతకసాగారు. అది దొరకలేదు. నాయనమ్మ మోచెయ్యి వణకడం మొదలుపెట్టింది. రెండో చేత్తో ఆనించుకోవాలి కనుక తన రొట్టె ముక్క నా అరచేతిలో పెట్టి, "తిన్నావంటే సంపెస్తాను" అంది. వెనకావిడ, "దించీ వొదినా, పొయ్యి మీద కూర మాడిపోతాది" అని గొణిగింది. "మాడనీ" అంది నాయనమ్మ.

చివరికి తాతయ్య వెనక్కి నడిచాడు. పళ్ళెంలో మిగిలింది ఒక్క ముక్క, తనది. దాన్ని చిన్నాన్న చేతిలో పడేసి, "పట్టు. నేలన పడీకు" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత కొడుకుతో ఆయన మాట్లాడింది అంతే.

"అందరికీ అందినట్టేనా?" అన్నారు అయ్యగారు, ఊపిరి పీల్చుకుని.

నాయనమ్మ చెయ్యి దిగలేదు. "ఇప్పుడు ఆయనకి లేదు."

చిన్నాన్న ముక్కను రెండుగా తుంచాడు. "సగం నువ్వు తిను నాన్నా. తిట్లు తరవాత తిడుదువు." తాతయ్య మొహం చూడకుండానే తీసుకున్నాడు. అప్పుడు నాయనమ్మ చెయ్యి దించి, నా అరచేతిలోంచి తన ముక్క తీసుకుంది. అందరూ, అంటే నేను తప్ప, కలిసి తిన్నారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇద్దరూ మళ్ళీ కొట్టుకునేంత పని చేశారు. ఆ తర్వాత కూడా చిన్నాన్న తప్పిపోయాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు. వచ్చిన ప్రతిసారీ నాయనమ్మ చెయ్యి లేచేది. పోనుపోను తాతయ్య గొణుక్కుంటూనే ఒక ముక్క ఎక్కువ తుంచి ఉంచుకోవడం నేర్చుకున్నాడు.

దేవుడి క్షమ గురించి ఎన్నో మెత్తని ప్రసంగాలు విన్నాను. నాకది మెత్తగా ఎప్పుడూ తోచలేదు. భుజం లాగేస్తున్నా, చుట్టూ జనం విసుక్కుంటున్నా, తనకే కోపంగా ఉన్నా దించని చెయ్యిగా తోస్తుంది. ఇప్పుడు మా చర్చిలో చాపలు పోయి కుర్చీలొచ్చాయి. రొట్టె చేతికొచ్చాక అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మాత్రం వెనక్కి తిరిగి చివరి వరస చూస్తాను, ఎవరి చెయ్యైనా ఖాళీగా ఉందేమోనని.