మెడ దగ్గర చారల్లేవు

“ఈ మెడకాడ ఏల వదిలేసినావు? ఈడ గూడా తెల్లగీతలు పెట్టు, అందంగా ఉంటాది,” అన్నాను.

“ఆడ లేవు మా. ఆడంతా నలుపే,” అంది నా కూతురు తల ఎత్తకుండా.

దోసెపిండి కలుపుతున్న నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. అప్పటిదాకా అది సెలవు రోజు పిల్ల గీసుకుంటున్న పాము బొమ్మ, అంతే.

మా అత్త నగరిలో లుంగీలు నేసిన మనిషి. “అంచు మాదిరి జతజతగా గీస్తాండాదే! తెల్లరంగు మిగిలించుకుంటాండాది, పిసినారిది,” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. డిగ్రీలో జువాలజీ చదివాను. ఇళ్లలో తిరిగే విషంలేని చారల పాముకు చారలు మెడ దగ్గరే మొదలై తోకవైపు మాసిపోతాయి. కట్లపాముకు మెడ నల్లగా ఉంటుంది. కాస్త దిగాకే సన్నటి తెల్లగీతలు, జతలుగా. అది ఊహించి గీసే సంగతి కాదు.

“యాడ చూసినావు?”

“మన ఇంట్లోనే. పొద్దున చాపల ఎనక్కి పోయింది.”

చుట్టిన చాపలు పడగ్గది మూలన ఉన్నాయి. ఆ గదిలోనే, నేలమీద, మూడేళ్ల నా కొడుకు నిద్రపోతున్నాడు.

ఎలా వెళ్లానో తెలియదు. వాణ్ణి ఎత్తుకుని వీధిలోకి వచ్చాక కూడా కాళ్లూ చేతులూ తడుముతూనే ఉన్నాను. ఆ పాము కరిచినా ఒక్కోసారి నొప్పే తెలియదని చదివాను. నిద్ర చెడిందని వాడు గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకే నాకు ఊపిరి ఆడింది.

ఫోన్ చేస్తే పాములు పట్టే ఆయన వడమాలపేట నుంచి వచ్చి కర్రతో చాప కదిపాడు. నల్లటి మెడ బయటికొచ్చింది. తర్వాత జతగీతలు. అచ్చం బొమ్మే. ఆయన దాన్ని డబ్బాలో వేసుకుని, అడవిలో వదిలేస్తానని తీసుకుపోయాడు.

“నాకేల చెప్పలేదే?”

“చెప్తే నాయన దాన్ని కొట్టి సంపేస్తాడు గదా. కండ్లతో చూసిందే గీయమని టీచరు చెప్పింది. అందుకే కదలకుండా నిలబడి బాగా చూసినా.”

ఎంత దగ్గరగా నిలబడిందో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా కాళ్లు కుర్చీమీదే పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ మంచంమీద కూర్చోబెట్టి చెప్పాను. “ఇంక మీరు నేలమీద పడుకోవద్దు. పురుగూ పుట్రా ఏది కనపడినా దూరంగా జరిగి ముందు నన్ను పిలవండి. నాయన సంపకుండా నేను చూసుకుంటా.” తర్వాత కూతురి వైపు తిరిగాను. “నువ్వు ఎంతసేపైనా గీసుకో. లేని గీతలు పెట్టమని ఎవరు చెప్పినా, నేను చెప్పినా, వినొద్దు.”