గ్రైప్ వాటర్ సీసా కచేరీ

మా ఆయన తిరుపతిలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. పాపకు మూడో నెల నడుస్తుండగా అది వదిలేసి ఇంటికొచ్చాడు. క్యాసెట్ కొట్లన్నీ సినిమా పాటలతో మోగుతుంటే, ఈయన ఇకమీద సొంత పాటలే పాడతాడట, స్టేజీ మీద తనొక్కడేనట.

"భజనకు గూడా నలుగురుండల్ల గదరా," అంది మా అత్త.

రెండు నెలలు ఎవరూ పిలవలేదు. చివరికి నగరిలో మరమగ్గాల ఆసామి ఒకాయన, కూతురి పెళ్ళి విందులో వడ్డన మొదలయ్యేదాకా పాడుకోమన్నాడు. నచ్చితే బంధువులకూ చెబుతానన్నాడు. ఇది కుదరకపోతే మళ్ళీ ఆర్కెస్ట్రా వాళ్ళ కాళ్ళు పట్టుకోవాల్సిందే.

ఆ వారంలోనే, ఉయ్యాల కొక్కెం ఊడిపోతుందేమోనని నేను పోరగా పోరగా, మా ఆయన స్టూలెక్కి దానికి వేలాడి చూశాడు. కొక్కెం గట్టిదే. స్టూలే కాదు. ఎడమ మణికట్టు విరిగింది. (ఇది రాస్తూ కూడా లేచి ఓసారి ఆ కొక్కెం లాగి చూసొచ్చాను.)

పుత్తూరులో కట్టు కట్టే ఆయన ఆకు పసరు, గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి మోచేతి దాకా గుడ్డ చుట్టాడు.

"మణికట్టు కదలగూడదప్పా."

"ఆదివారం కచేరీ ఉండాదన్నా."

"నోరు బాగానే ఉండాది గదా, పాడు."

"ఈ సెయ్యి లేకుంటే గిటారు పలకదన్నా."

"అయితే దాన్నీ తీసకరా, కట్టు కడతా."

ఇంటికొచ్చాక, కట్టు బయట మిగిలిన వేళ్ళతో గ్లాసు, చెంచా, పాప గిలక అన్నీ పట్టి తీగల మీద నొక్కి చూశాడు. చివరికి గిటారును ఒళ్ళో వెల్లకిలా పెట్టి, తీగల కింద పెన్సిల్ ముక్క దూర్చి, గ్రైప్ వాటర్ సీసాను వాటి మీద జరిపాడు. గిటారు మూలిగింది. ఖాళీ సీసా జారిపోతోందని నిండుది తీసుకున్నాడు.

"అది పాపది," అన్నాను.

"రొంత సేపు కడుపునొప్పి ఆపుకోలేదా?"

పాపనే అడగమన్నాను.

పెళ్ళిలో మొదటి పాటకే ముందు వరస ముసలాయన కేకేశాడు: "ఏమప్పా, పిల్లి తోక యాడన్నా ఇరుక్కునిందా?" రెండో పాటకు సగం మంది వంటల వైపు తిరిగి కూర్చున్నారు. మూడోది మొదలుపెట్టగానే పాప కాళ్ళు ముడిచి గుక్కపెట్టింది. నా సంచిలో గుడ్డలు, చెంచా, విసనకర్ర, దిష్టి కాటుక అన్నీ ఉన్నాయి. మందు మాత్రం స్టేజీ మీద పాడుతోంది.

పాపనెత్తుకుని పైకెక్కాను.

"ఇట్లియ్యండి."

"ఈ చరణం అయిపోనీమే."

"బిడ్డ నీలంగా అయితాంది." ఈ మాట నేను రోజూ అంటాను. అయినా ఆయన ఆపాడు. పళ్ళతో మూత తీసి, నేను పట్టుకున్న చెంచాలో పోశాడు. పాప మింగింది. మైకు ముందే, వీధి చివరి దాకా వినబడేట్టు తేన్చింది.

పందిరంతా ఘొల్లుమంది. "ఇప్పుడొచ్చినాది సుతి!" అన్నాడు ముసలాయన.

మా ఆయన మొహం ఎర్రబడింది. నేను దిగబోతుంటే, "ఆడే కూర్చో," అని సీసా తీసుకుని, ఆపిన చోటే అందుకున్నాడు. అందరూ ఇటు తిరిగి విన్నారు, ఇంకో తేన్పు వస్తుందన్న ఆశతోనైనా. వడ్డనకు పిలిచినా పాట అయ్యేదాకా ఎవరూ లేవలేదు.

ఆసామి వచ్చి పాప బుగ్గ గిల్లాడు.

"వచ్చే నెల మా తమ్ముని కూతురి పెండ్లి. ఈ బిడ్డ రావల్ల, ఆ సీసా రావల్ల."

గిటారు సర్దుకుంటున్న మా ఆయనను అప్పుడు చూశాడు.

"నువ్వూ రాప్పా."