గొట్టంలో నీళ్లు

ఆ ఆసుపత్రిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. స్వీపరు దగ్గర్నుంచి పెద్ద డాక్టరమ్మ దాకా అందరికీ ఆయన గాలిమాస్టారే. ఎవరు తగిలించారో గానీ ఆ పేరు అచ్చంగా అతికింది. వార్డులో వెంటిలేటర్లన్నీ ఆయన చేతి కిందివే మరి. ఏ మంచం మీది మనిషికి ఎంత గాలి ఇవ్వాలో, ఎంత ఒత్తిడితో ఇవ్వాలో, ఎప్పుడు తగ్గించాలో డాక్టర్లు చెబుతారు. ఆ చెప్పినదానికి మిషన్‌నీ మనిషినీ ఒప్పించే పని ఈయనది. "మిషన్‌కేం, చెప్పినట్టు వింటుంది. మొండికేసేది మనిషే" అనేవాడు. పది మందిలో నవ్వుతూ నవ్విస్తూ తిరిగే మనిషి. ఐసీయూలో పనిచేస్తూ కూడా మొహం మాడ్చుకోకుండా ఉండేది ఆయనొక్కడేనని హెడ్ నర్సు అంటుండేది.

ఈ పనిలోకి ఆయన్ని తీసుకొచ్చింది కూడా ఊపిరే. చిన్నప్పుడు ఉబ్బసం. ఆయాసం వచ్చిందంటే పిల్లాడి ప్రాణం కళ్లలోకి వచ్చేసేది. తల్లి లేదు. ఉన్నదల్లా అక్క. కుడుతున్న గుడ్డ అలాగే సూది కింద వదిలేసి పరిగెత్తుకొచ్చి, తమ్ముడి వీపుని తన గుండెకు ఆనించుకుని కూర్చునేది. చెవి దగ్గర నోరు పెట్టి "తీసుకో చిన్నోడా... మెల్లగా వదులు... మళ్లీ తీసుకో" అంటూ ఆయాసం తగ్గేదాకా చెబుతూనే ఉండేది. పెద్దయ్యాక ఉబ్బసం పోయింది, ఆ మాటలు మాత్రం పోలేదు. మిషన్ నుంచి మెల్లగా తప్పిస్తున్న రోగుల చెవి దగ్గర మాస్టారు చెప్పేవి ఆ మాటలే.

అక్క పెళ్లి చేసుకుంటూ పెట్టిన షరతు ఒక్కటే, తమ్ముడూ తనతోపాటు వస్తాడని. బావ ఆ మాటకి తల కూడా ఎత్తకుండా "రానీ, దానికి నన్నడగడమేంటి" అన్నాడట. బావది టైర్లకు పంక్చర్లు వేసే షాపు. కన్నకొడుకులా పెంచాడు, చదివించాడు, ఎన్నడూ ఆ మాట ఎత్తి దెప్పలేదు. మాస్టారుకి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చాక బావకో కొత్త వేళాకోళం దొరికింది. "ఒరేయ్, నువ్వూ నేనూ చేసేది ఒకటే పని, గాలి కొట్టడం. కాకపోతే నువ్వు తెల్లకోటేసుకుని కొడతావు" అనేవాడు. "మీ గాలికబుర్లు చాలు గానీ అన్నానికి లేవండి" అని లోపల్నుంచి అక్క కేకేసేది.

ఆ అక్క ఒకరోజు కుట్టుమిషన్ ముందు కూర్చున్నదల్లా కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. తలలో రక్తనాళం చిట్లింది. తెచ్చి పడుకోబెట్టింది మాస్టారు వార్డులోనే. గొట్టం వేశారు, మిషన్ పెట్టారు.

సొంత మనిషి మంచం దగ్గర సిబ్బంది చెయ్యి పెట్టకూడదని ఆ వార్డులో ఒక పద్ధతి ఉంది. కంగారులో తప్పులు జరుగుతాయని పెట్టుకున్నారు. హెడ్ నర్సు మాస్టారుకి ఒక స్టూలు చూపించి, "ఇక్కడ మీరు మాస్టారు కాదు, తమ్ముడు. చేతులు కట్టుకుని కూర్చోండి" అంది. ఆయన అలాగే కూర్చున్నాడు. వార్డంతా చేతిలో పెట్టుకుని తిప్పిన మనిషికి ఆ స్టూలు మీద కాళ్లూ చేతులూ ఆడలేదు.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. కంట్లో లైటు వేస్తే కంటిపాప కదలడం లేదు. గొంతులోకి గొట్టం దించి కఫం తీస్తున్నా దగ్గు రావడం లేదు. మిగిలింది ఊపిరి పరీక్ష. మర్నాడు కాసేపు మిషన్ తప్పించి, తనంతట తాను ఊపిరి తీస్తుందేమో చూస్తారు. తీయకపోతే ఇక చేసేదేమీ లేదు. బావ అంతా విని, డాక్టరమ్మని ఒక్క మాటా అడగలేదు. బయటికొచ్చాక బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. "వాళ్ల మాటలు నాకు అర్థం కావురా. నువ్వు చెప్పు. నువ్వు ఏం చెబితే నేను అది నమ్ముతాను" అన్నాడు.

మర్నాడు పొద్దున మాస్టారు స్టూలు మీద కూర్చుని మిషన్ తెర చూస్తున్నాడు. ఆ తెర మీద, రోగి తనంతట తాను ఊపిరి లాగబోయినప్పుడు ఊపిరిని చూపించే గీత మొదట్లో చిన్న ఆకుపచ్చ గుర్తు పడుతుంది. రోగుల తాలూకు వాళ్లకి మాస్టారు దాన్ని సులువుగా చెప్పేవాడు. "గుర్తు పడితే మీవాళ్లు గాలి అడిగారని. పడకపోతే మిషనే తన లెక్క ప్రకారం ఇస్తోందని." అక్క తెర మీద ఇప్పటిదాకా గుర్తు లేదు. ఇప్పుడు పడింది. ఆయన కళ్లు నులుముకున్నాడు. మళ్లీ పడింది. ఒకటి వదిలి ఒకటి పడుతోంది.

మాస్టారు లేచిన ఊపుకి స్టూలు వెనక్కి పడిపోయింది. వరండాలోకి పరిగెత్తాడు. "బావా, అక్క ఊపిరి అడుగుతోంది! నా కళ్లతో చూశాను!"

"ఒట్టు?"

"ఒట్టు బావా."

బావ బెంచీ మీద కూలబడ్డాడు. నవ్వాడు, ఏడ్చాడు, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషిని పట్టుకుని "మా ఆవిడ ఊపిరి తీస్తోందండీ" అని చెప్పాడు. అక్క పడిపోయినప్పట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టనివాడు రెండు టీలు తాగాడు. లోపలికొచ్చి భార్య చెవిలో, "లే, లే. కుట్టాల్సిన గుడ్డలు కుప్ప పడున్నాయి. ఇచ్చినవాళ్లందరికీ జవాబు నన్ను చెప్పమంటావా?" అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. మిషన్ పంపే గాలిలో తేమ ఉంటుంది. అది గొట్టంలో చల్లబడి నీళ్లవుతుంది. గొట్టం ఎక్కడ వేలాడితే అక్కడ ఆ నీళ్లు చేరతాయి. చేరి ఊరుకోవు, అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊపుకి గాలి కదిలితే మిషన్ మోసపోయి, మనిషే అడిగాడనుకుని గుర్తు వేసేస్తుంది. ఇది మాస్టారుకి తెలియని విషయమా? కొత్తగా చేరిన నర్సులకు ఆయన చెప్పే మొదటి పాఠమే ఇది. డ్యూటీకి రాగానే టీ కూడా తాగకుండా మంచం మంచం తిరిగి గొట్టాల్లో నీళ్లు తీయించే మనిషాయన. చచ్చిపోయిన మనుషులకు నీళ్ల పుణ్యాన ఊపిరొచ్చిందని సంబరపడ్డ కుటుంబాలని ఎన్నిటినో కూర్చోబెట్టి, మెత్తగా చెప్పి పంపించినవాడు. ఇంత తెలిసినవాడికి ఆ పూట ఏం పోయేకాలం వచ్చిందో! గొట్టం మంచం కమ్మీ పక్కన కిందికి జారి ఉయ్యాలలా వేలాడుతోంది. చూడలేదని కాదు, చూశాడు. చూసి, కళ్లు పక్కకి తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ పరీక్షకు సిద్ధమై వచ్చింది. తెర చూసి ఆగింది.

"మాస్టారూ, మీరు చూశారా?"

"చూశాను మేడం."

"అంతా చూశారా?"

"చూశాను" అన్నాడు.

ఆవిడ చూపు గొట్టం మీద పడింది, అక్కడ్నుంచి ఆయన మొహం మీదికి వచ్చింది. "సరే. పరీక్ష మధ్యాహ్నం పెట్టుకుందాం. ఈలోపు మీరే ఒకసారి అన్నీ సరిచూడండి. ఈ ఒక్కసారికి ఈ మంచం మీరు ముట్టుకోవచ్చు" అని వెళ్లిపోయింది. ఆవిడే ఒక్క మాటతో తేల్చేసి ఉంటే ఎంత బాగుండేది. అంత మర్యాద ఆ పూట ఆయనకు అక్కర్లేదు.

ఆ తర్వాత మాస్టారు తన స్టూలు వదిలేసి పనిలో పడ్డాడు. మిగతా మంచాలన్నీ తిరిగాడు. అన్ని గొట్టాల్లోనూ నీళ్లు తీయించాడు. మూలమంచం మీది ముసలాయనకి ఒత్తిడి ఒక మెట్టు దించి, ఆయన ఛాతీ సుఖంగా కదులుతోందో లేదో నిలబడి చూశాడు. అక్క మంచం దగ్గరికి మాత్రం కాళ్లు రాలేదు. ఆ గుర్తు పడుతున్నంతసేపూ తనకి అక్క ఉంది. ఈ సంగతి లోపల ఎవరో అరిచి చెబుతున్నట్టే ఉంది ఆయనకి.

బావ వెతుక్కుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఒరేయ్, మీ అక్కని ఇంటికి తీసుకెళ్లాక మంచం కిటికీ వైపు వేయమంటావా? గాలి తగులుతుంది కదా. ఇప్పుడే వెళ్లి జరిపేసి వస్తాను."

ఇంకో గంట పోతే ఈ మనిషి ఇల్లంతా సర్దేసి వస్తాడు. "ఉండు బావా, ఇప్పుడే వెళ్లకు" అని చెప్పి మాస్టారు అక్క మంచం దగ్గరికి నడిచాడు.

చేతులు కడుక్కున్నాడు. గొట్టాన్ని రెండు చేతులతో పైకెత్తాడు. నీళ్లు గుడగుడమంటూ జారి, గొట్టం మధ్యలో ఉన్న చిన్న బుడ్డిలోకి దిగాయి. బుడ్డి విప్పి తీసి, ఆ చోట ఖాళీది బిగించాడు. గొట్టం మళ్లీ వేలాడకుండా కమ్మీకి సరిగ్గా కట్టాడు. అప్పుడు తల ఎత్తి తెర చూశాడు.

మిషన్ ఊపిరిచ్చింది. గుర్తు లేదు. ఇంకోటి ఇచ్చింది. లేదు. ఎంత చిన్న కదలికనైనా పట్టుకునేలా మిషన్‌ని ఇంకో మెట్టు సున్నితం చేశాడు. అక్క చెవి దగ్గరికి వంగి, "తీసుకో అక్కా, ఒక్కసారి తీసుకో" అని బతిమాలాడు. ఛాతీ లేచింది, మిషన్ లేపినంతే లేచింది. ఆయనకి ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఇన్ని కుటుంబాలకు చెప్పిన మాట తనకి తాను చెప్పుకోలేక ఒక పూటంతా గడిపినందుకు, దానికి తోడు ఆ అబద్ధాన్ని బావకి కూడా తినిపించినందుకు.

వెనక్కి తిరిగేసరికి బావ అక్కడే ఉన్నాడు.

"తప్పు చెప్పాను బావా" అన్నాడు మాస్టారు. "ఊపిరి అడిగింది అక్క కాదు. గొట్టంలో నీళ్లు ఊగి ఆ గుర్తు పడింది. నీళ్లు తీసేశాను. గుర్తు పోయింది."

బావ తెర వైపు చూశాడు. బావమరిది చేతిలో బుడ్డి వైపు చూశాడు.

"నీళ్లున్నంతసేపూ ఊపిరి తీసింది కదా."

"తీయలేదు బావా."

"మరెందుకు తీశావురా ఆ నీళ్లు?"

మాస్టారు బుడ్డిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"షాపులో రోజూ చూసేదేగా" అన్నాడు బావ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా. "ట్యూబు నీళ్ల తొట్లో ముంచితే బుడగ వస్తుంది. లోపల గాలి ఉంటేనే వస్తుంది. లేకపోతే రాదు. నీళ్లు నాతో ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఆ నీళ్లు మళ్లీ పోసెయ్."

"పోస్తే గుర్తొస్తుంది బావా. అక్క రాదు."

"గుర్తే రానీ. డాక్టరమ్మ వచ్చేదాకా. నాకది చాలు."

ఇంకొక్క క్షణం నిలబడితే ఎక్కడ పోసేస్తాడోనని మాస్టారు గబగబా సింకు దగ్గరికి వెళ్లాడు. బుడ్డిని బోర్లించి, ఆఖరి చుక్క దాకా పారబోసి, కుళాయి విప్పి కడిగేశాడు. మొహాన ఇన్ని నీళ్లు కొట్టుకుని తుడుచుకున్నాడు. డాక్టరమ్మకి ఏం చెప్పాలో మనసులో రెండుసార్లు అనుకుని వెనక్కి వచ్చాడు.

బావ మంచం పక్కన ఆ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కమ్మీకి మాస్టారు కట్టిన ముడి విప్పేశాడు. గొట్టాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, టైరులో గాలి చూసుకునేవాడిలా మెల్లగా నొక్కుతూ ఊపుతూ, తెర మీంచి కళ్లు తిప్పకుండా చూస్తున్నాడు.

గుర్తు పడింది.

"చూశావా?" అన్నాడు బావ.