వస్తానని చెప్పినవాడు

జూరీలో ఒకావిడ ఉండేది. రోజూ ఊదారంగు శాలువా కప్పుకుని ముందు వరసలో చివర కూర్చునేది. నేను సాక్షిని ఏదైనా అడిగినప్పుడల్లా మెల్లగా తలూపేది. విచారణ సాగినన్నాళ్ళూ ఆవిడని మా జట్టులోనే వేసుకున్నాను. తీర్పు చెప్పడానికి పన్నెండు మందీ తిరిగొచ్చి కూర్చున్నప్పుడు మాత్రం ఆవిడ నా వైపు చూడలేదు, తన బూట్లు చూసుకుంది. వాళ్ళ తరఫున లేచిన పెద్దమనిషి గిల్టీ అని ఒక్క మాట చెప్పి కూర్చున్నాడు.

సిడ్నీలో క్రిమినల్ కేసులు వాదించి బతుకుతున్నదాన్ని, ఓడిపోవడం నాకు కొత్త కాదు. ఓడిన రోజు చారన్నం తిని ముసుగుతన్ని పడుకుంటాను. కానీ చిన్నప్పటి నుంచీ నాకో జబ్బుంది. ఎవరు ఏమనుకున్నారో తెలియకపోతే కడుపు ఉబ్బిపోతుంది. పక్కింట్లో గొడవైతే మా అమ్మ కిటికీ మూసేది, నేను తెరిచేదాన్ని. అలాంటిదాన్ని వెతుక్కుని మరీ ఈ వృత్తిలో పడ్డాను. ఇక్కడ జూరీ గది తలుపు వేసుకుని ఏం మాట్లాడుకుందో నేను అడగకూడదు, వాళ్ళు చెప్పకూడదు. రెండూ నేరమే. కారణం ఎక్కడా రాయరు. మాట చెప్పేసి ఎవరి బస్సు వాళ్ళు ఎక్కి వెళ్ళిపోతారు.

కేసు చిన్నదే. నా క్లయింటు మన గుంటూరు వైపు అబ్బాయి. చదువుకోవడానికి వచ్చి, పర్మనెంట్ రెసిడెన్సీ తెచ్చుకుని, ఒక టైర్ల షాపులో పనిచేసేవాడు. పెండిల్ హిల్‌లో అద్దె ఇల్లు, భార్య, పాకే వయసు పాప. ఒక సాయంత్రం ఓనరుతో మాటా మాటా పెరిగి, ఆయన రేపటి నుంచి రావద్దన్నాడు. ఇతను గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ‘ఓకే బాస్, ఐ విల్ కమ్’ అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి షాపు వెనక షెడ్డు తగలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కెమెరాలో టోపీ ఉన్న చలి జాకెట్టు వేసుకున్న ఒక మనిషి కనిపించాడు, ముఖం కనిపించలేదు. అలాంటి జాకెట్లు పడమటి సిడ్నీలో సగం మందికి ఉంటాయి. కాబట్టి ప్రాసిక్యూషన్ చేతిలో గట్టిగా ఉన్నది ఆ ఒక్క మాటే. మళ్ళీ వస్తానని బెదిరించాడు, అన్నట్టే వచ్చాడు అన్నారు.

ఆ మాట వినగానే నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఇంత సులువైన కేసు దొరికిందేమిటా అనుకున్నాను. సాక్షి బోనులో అతని చేతే చెప్పించాను. మేము బయల్దేరేటప్పుడు పోతున్నా అనం, అది అశుభం, వస్తాను అంటాం అన్నాడు. ఫోన్ పెట్టేసేటప్పుడు ఏమంటారు అని అడిగాను. ఉంటాను అంటాం అన్నాడు. జూరీ మొత్తం నవ్వింది. శాలువా ఆవిడైతే పక్కాయన చెవిలో ఏదో చెప్పి మళ్ళీ నవ్వింది. నవ్విన జూరీ జైలుకి పంపదని మా వృత్తిలో ఒక నమ్మకం. అంతా మన చేతిలోకి వచ్చేసిందనుకున్నాను.

తర్వాత ప్రాసిక్యూటర్ లేచాడు. నెమ్మదైన మనిషి. ‘అంటే, మళ్ళీ రావాలనే మీ ఉద్దేశమా?’ అని అడిగాడు. నా క్లయింటు కాసేపు ఆలోచించి అవునన్నాడు. మర్యాద కొద్దీ పెద్దవాళ్ళు ఏమడిగినా అవుననే అలవాటు మనవాళ్ళకి ఉంది కదా, ఇదీ అదే అనుకున్నాను. నా వంతు మళ్ళీ రాగానే సర్దాను. ‘ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అనే మాటా, ఆ రోజు షాపులో అన్న మాటా ఒకటేనా, ఉత్త మర్యాద మాటేనా?’ అన్నాను. ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పడానికి లేవబోయి ఊరుకున్నాడు. నా క్లయింటు నా ముఖం చూసి అవునన్నాడు. హమ్మయ్య అనుకుని కూర్చున్నాను.

తీర్పు తర్వాత అతన్ని తీసుకెళ్తుంటే మళ్ళీ అదే మాట. ‘వస్తా మేడమ్’ అన్నాడు. అతని భార్య నా దగ్గరికొచ్చి, ‘ఎందుకు మేడమ్, వాళ్ళు ఏం చూసి అలా అన్నారు?’ అని అడిగింది. శిక్ష ఏడాదికి చేరితే రెసిడెన్సీ కూడా ఎగిరిపోవచ్చు, ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటికెళ్ళే ఎడ్మండ్‌సన్ పార్క్ రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళని చూస్తూ, మీరైతే ఏమనేవారు అని మనసులోనే అడిగేదాన్ని. చెవుల్లో పాటలు పెట్టుకున్న కుర్రాడు, కూరగాయల సంచీతో ముసలాయన, అందరూ నాకు జూరీలాగే కనిపించారు. ఆ పన్నెండు మందిని అడగకూడదు గానీ, మిగతా సిడ్నీని అడగొద్దన్నవాళ్ళెవరూ లేరు. ముందు మా అమ్మాయితో మొదలుపెట్టాను. పేర్లు లేకుండా, కోర్టులో అందరూ విన్నంత వరకే చెప్పాను.

‘దట్స్ క్రీపీ, అమ్మా’ అంది ఫోన్లోంచి తలెత్తకుండా.

‘మరి అమ్మమ్మ రోజూ వస్తా, ఉంటా అంటుందిగా?’

‘అమ్మమ్మ ఈజ్ అమ్మమ్మ. ఉద్యోగం పోయినవాడు అంటే ఐ వుడ్ కాల్ ద పొలీస్.’

ఇక్కడ పుట్టిన పిల్ల, దీనికేం తెలుసు అని సరిపెట్టుకున్నాను. ఆదివారం పార్కులో మా వీధి తెలుగువాళ్ళందరం బార్బెక్యూ పెట్టుకున్నాం. ఇక్కడ నాకు మద్దతు ఖాయమని ధీమాగా, మా పక్కింటి ఆంటీ ముందు కేసు పెట్టాను. ఆంటీది కరీంనగర్ వైపు, కొడుకు దగ్గరే స్థిరపడింది. మొక్కజొన్న పొత్తులు తిప్పుతూ మొత్తం వింది.

‘మా దిక్కు పోయొస్త అంటం’ అంది. ‘అది సరే. కానీ బిడ్డా, కొట్లాడినోడు పోయొస్త అంటడా? కోపం మీదున్నోడు ఊకనే లేసి పోతడు, చెప్పులు గూడ సక్కగ తొడుక్కోడు. ఆ పిలగాడు కోపం మీద లేడన్నా అయ్యుండాలె, లేకుంటె ఆ మాట ఎనక ఇంకేదన్నా ఉండాలె.’

కోర్టులో ఎవరికీ అర్థంకాని మాట నాకొక్కదానికే అర్థమైందని నేను మురిసిపోతుంటే, పొత్తులు కాల్చే ఆవిడ దాన్ని ఒక్క నిమిషంలో తిప్పి చూపించింది. కోపం వచ్చింది, సిగ్గేసింది. వాటికంటే ఎక్కువగా, ఆ ఇంకేదన్నా ఏమిటో తెలుసుకోవాలని ప్రాణం పీకింది. అప్పటిదాకా రైల్లోవాళ్ళ మనసుల్లో కూడా తొంగిచూశాను గానీ, ఆ మాట అన్నవాణ్ణి దాని గురించి అడగలేదు.

శిక్ష ఖరారయ్యే ముందు జైలు నుంచి వీడియోలో మాట్లాడుకునే వీలుంది. తెర మీదకి వచ్చాడు. జైలువాళ్ళిచ్చే ఆకుపచ్చ బట్టల్లో బక్కచిక్కి ఉన్నాడు. పాప నడుస్తోందట మేడమ్ అన్నాడు. కాసేపు ఆ కబుర్లయ్యాక అడిగాను.

‘ఆ రోజు మీకు కోపం వచ్చిందా?’

‘రాకుండా ఎట్టా ఉంటది మేడమ్. ఒళ్ళు మండిపోయింది.’

‘మరి అంత కోపంలో వస్తానని ఎందుకన్నారు?’

అతను తెరకి కొంచెం దగ్గరగా జరిగాడు.

‘ఆయన అంతే మేడమ్, సాయంత్రం అరుస్తాడు, పొద్దునకి చల్లబడతాడు. నాకు ఆ పని పోతే కష్టం కదా. పొద్దున్నే వెళ్ళి సారీ చెప్పి పని అడుక్కుందామనుకున్నా. అందుకని ఐ విల్ కమ్ అన్నా. నిజంగానే వద్దామని.’

‘మరి ప్రాసిక్యూటర్ అడిగితే అవునన్నారు…’

‘ఉన్నదే కదా చెప్పా.’

‘నేను అడిగినప్పుడూ అవునన్నారు.’

అతను ఇబ్బందిగా నవ్వాడు. నన్నేదో నొప్పిస్తానేమోనని భయపడుతున్నట్టు కనిపించాడు.

‘మీరు అందరి ముందూ అంత బాగా చెప్తన్నారు కదా మేడమ్. మీ మాట పోకూడదని అవునన్నా.’

ఆ పన్నెండు మందీ ఒకదానికొకటి పొసగని ఆ రెండు అవునులూ విన్నారు.