మూడు గ్లాసుల సర్కారు

మా కొత్త ఊరికి పంచాయతీ రాకముందు కొంతకాలం ఒక సర్కారు ఉండేది. దానికి ఎన్నికలు జరగలేదు, ఏ కాగితం మీదా దాన్ని రాసుకోలేదు. అయినా నడిచింది. ఇప్పుడు సర్పంచ్ ఉన్నాడు, మోరీల్లో మురికి తీస్తున్నారు, వీధి దీపాలు వెలుగుతున్నాయి, అన్నీ మంచివే. కానీ ఆ పాత సర్కారును ఎవరైనా ఎగతాళి చేస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

కరీంనగర్‌కు బస్సులో గంట దూరంలో, ప్రాజెక్టు నీళ్లలో మునిగిన మూడు ఊళ్లను తెచ్చి ఒకే కాలనీలో దించారు. పెద్ద ఊరు, మా ఏటి ఊరు, గుట్ట ఊరు. గుట్ట ఊరు మూడింటిలో చిన్నది, అందుకేనేమో నోరు పెద్దది. నేను ఏటి ఊరి కోడలిని. హైస్కూల్లో సోషల్ చెబుతాను కనుక మూడు ఊళ్లకూ టీచరమ్మను.

ఊరికొక పెద్దమనిషి చొప్పున ముగ్గురు నీళ్ల ట్యాంకు కింద నీడలో కూర్చునేవాళ్లు. ఊళ్లో ఇళ్లు ఎన్ని ఉన్నా ఊరికి ఒకటే మాట. ముగ్గురూ సరేనంటేనే పని. ఎదురుగా హోటల్ నుంచి చాయ్ వచ్చేది. మాటలు ముగిశాక ఒప్పుకున్నవాడు చాయ్ పోయించుకునేవాడు, ఒప్పుకోనివాడు ఖాళీ గ్లాసు బోర్లించేవాడు. ఒక్క గ్లాసు బోర్లిందంటే ఆ రోజుకు సభ ముగిసినట్టే. ఎన్నోసార్లు కెటిల్లో చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

ఈ పద్ధతి ఎందుకు పెట్టుకున్నారో నాకు అర్థమయ్యేది. పైనుంచి వచ్చిన ఒక్క మాటకు ఇళ్లూ పొలాలూ వదిలి వచ్చినవాళ్లు మళ్లీ ఇంకొకడి చేతికి కర్ర ఇస్తారా? నేను పిల్లలకు చెప్పే పాఠంలోనూ అదే ఉంది. ఇంగ్లండు రాజును వదిలించుకున్న అమెరికా రాష్ట్రాలు మొట్టమొదట కట్టుకున్న ప్రభుత్వం ఇట్లాంటిదే. పెద్ద రాష్ట్రానికైనా చిన్న రాష్ట్రానికైనా ఒకటే ఓటు. పన్ను వేసే అధికారం లేదు, రాష్ట్రాలను అడుక్కోవడమే. మూల నియమం మార్చాలంటే అందరూ సరే అనాలి. పుస్తకంలో దాన్ని బలహీనమైన ప్రభుత్వం అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్క రాసినవాళ్లు మా ట్యాంకు కింద ఒక వారం కూర్చుని ఉంటే ఇంకో నాలుగు వాక్యాలు రాసేవాళ్లు.

బలహీనత లేదని కాదు. మోరీలు తీయడానికి ఇంటికో మనిషి రావాలని ముగ్గురూ చాయ్ తాగి మరీ ఒప్పుకున్నారు. తెల్లారి పెద్ద ఊరి నుంచి సగం మంది వచ్చారు, మా ఊరి నుంచి ఇంకా తక్కువ. గుట్ట ఊరివాళ్లు తమ వాడ మోరీ శుభ్రంగానే ఉందని పండుకున్నారు. రానివాణ్ణి ఏం చేయాలో ఆ సర్కారుకు తెలియదు. ఆ వానాకాలం మురికినీళ్లు మా గడప దాకా వచ్చాయి. నేను చీపురు చేతిలో ఉండగానే వెళ్లి ముగ్గురినీ కడిగేశాను.

“సర్కారంటే గిట్లనేనా?” అంటే, పెద్ద ఊరి పెద్దమనిషి నవ్వాడు.

“చెప్పుడే మా పని టీచరమ్మా. కొట్టుడు మా పని గాదు.”

కానీ ఆ బోర్లించిన గ్లాసే మమ్మల్ని కాపాడింది కూడా. కాలనీలో బెల్ట్‌షాపు పెట్టుకుంటామని కొందరు వచ్చారు. పెద్ద ఊరు సై అంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మా ఊరూ సై అంది. గుట్ట ఊరి పెద్దమనిషి ఒక్కడే గ్లాసు బోర్లించాడు. ఆయన కొడుకులిద్దరూ దుబాయ్‌లో ఉంటారు.

“పోరగాండ్లు ఎండల పానం వెట్టి పైసలు పంపుతుండ్రు. గదంత గీ సీసాలల్ల పోసెటందుకా?” అన్నాడు.

ఎక్కువమంది మాటే చెల్లుబాటు అనుకుంటే ఆ దుకాణం సాయంత్రానికే తెరుచుకునేది. ఇద్దరు ఔనన్నా ఒక్కడి ‘కాదు’ నిలబడింది. ఆ రోజు ఆయనకు దండం పెట్టాలనిపించింది.

ఇక దర్జీ ఆమె సంగతి. ముస్లిం ఆమె. భర్త పోయాక కుట్టుమిషన్‌నే నమ్ముకుని బతికింది. పెద్ద ఊళ్లో కొన్నేళ్లు, తర్వాత మా ఏటి ఊళ్లో కొన్నేళ్లు కిరాయికి ఉంది. సొంత ఇల్లు లేదు కనుక ఆమెకు పరిహారమూ రాలేదు, ప్లాటూ రాలేదు. అయినా మాతోపాటే వచ్చి, ఒకరి రేకుల షెడ్డులో మిషన్ పెట్టుకుంది. కాలనీలో సగం జాకెట్లు ఆమె కుట్టినవే.

ఆ ఎండాకాలం కొత్త ఊరికి బొడ్రాయి నిలపాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. నడి ఊళ్లో బొడ్రాయి లేనిది మా దగ్గర ఊరు ఊరు కాదు. ఆ రాయి నిలిపే రోజు పొలిమేర కట్టేస్తారు. లోపలివాళ్లు బయటికి పోవద్దు, బయటివాళ్లు లోపలికి రావద్దు. మరి దర్జీ ఆమె లోపలి మనిషా, బయటి మనిషా? బయటి మనిషైతే ఆ రోజు పొలిమేర దాటి పోవాలి. ఒకసారి దాటించాక, మర్నాడు తిరిగి వచ్చినా ఆమె ఎప్పటికీ వచ్చిపోయే మనిషే. ఆ సంగతి ఆమెకు మా అందరికంటే బాగా తెలుసు.

మా సర్కారులోని అసలు లోపం నాకు అప్పుడు కనబడింది. దానికి ఊళ్లే తెలుసు, మనుషులు తెలియరు. బతికున్న ప్రతివాడూ మునిగిన ఏదో ఒక ఊరి లెక్కలో ఉండాలి. మా దగ్గర్నుంచి ఎన్నడో పోయింది కదా అని పెద్ద ఊరు అంది. మొన్న వచ్చిన మనిషే కదా అని మా ఊరు అంది. పాపం, రెంటికీ చెడ్డ రేవడి అయింది. నేను మా పెద్దమనిషి ప్రాణం తీసి, ఆమెను ఏటి ఊరి లెక్కలో కలుపుకోవడానికి ఒప్పించాను. పెద్ద ఊరూ సరేనంది. గుట్ట ఊరి గ్లాసు బోర్లింది.

బోరు నీళ్లకు ఏ ఊరికెన్ని ఇళ్లుంటే అన్ని వంతులు. మాకు ఒక ఇల్లు పెరిగితే గుట్ట ఊరి వంతు తగ్గుతుంది.

“ఇయ్యాల ఒక్క ఇల్లంటరు, రేపు పది అంటరు. చిన్న ఊరోళ్లం, ఆఖరికి మా నోట్లె మట్టే,” అన్నాడాయన.

నాకు కోపం నసాళానికి అంటింది. నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన భయంలో అబద్ధమేమీ లేదు. చిన్న ఊరికి ఉన్న బలమంతా ఆ గ్లాసే. దాన్ని లాక్కుంటే రేపు బెల్ట్‌షాపును ఆపేదెవరు? పరిష్కారం నాకు తోచలేదు.

బొడ్రాయికి ముందు రోజు పొద్దున దర్జీ ఆమే ట్యాంకు కిందికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. పెద్ద ఊరి పెద్దమనిషి “జర కూసో బిడ్డా” అన్నాడు. ఆమె కూర్చోలేదు. తల మీది కొంగు సర్దుకుంది.

“కాకా, నన్ను ఎవ్వల లెక్కల కలపకుర్రి,” అంది.

“మరి ఏడ కలపాలె?” అన్నాడు గుట్ట ఊరాయన.

“మీ మూడు ఊర్లు నీళ్లల్ల మునిగినయి. మీరంత ఇంక గా ఊర్లోళ్లే. రేపు రాయి నిలిపేది ఏ ఊరికి? నేను గా ఊరిదాన్ని. మీ వంతులల్ల నాకు సుక్క వద్దు, ముగ్గురివి అయినంక మిగిలినయే నాకు సాలు. నన్ను పొలిమేర దాటియ్యకుర్రి, గంతే.”

ఆమె కళ్లు దించలేదు. గుట్ట ఊరాయన గ్లాసు ముందుకు జరిపి చాయ్ పోయించుకున్నాడు. మిగతా ఇద్దరి వైపు తిరిగి, “ఇన్నొద్దుల సంది గీడ కూసుంటున్నం. గీ ఊరోళ్లమని మనల ఒక్కలమన్న అన్నమా?” అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు డప్పుల వెనుక పొలిమేర తిరగడానికి ఊరు ఊరుగా పిలిచారు. పెద్ద ఊరోళ్లు వరుస కట్టారు, ఏటి ఊరోళ్లు కట్టారు, గుట్ట ఊరోళ్లు కట్టారు. చివరికి డప్పు కొట్టే ఆయన కాస్త తడబడి “కొత్త ఊరోళ్లు” అని పిలిచాడు. దర్జీ ఆమె ఒక్కతే వచ్చి నిలబడింది. అందరూ చూస్తున్నారు. సిగ్గుతో ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఒక్క మనిషితోని ఊరెట్లయితది?” అని విసుక్కుంటూ గుట్ట ఊరి పెద్దమనిషి తన వరుస వదిలి వచ్చి ఆమె వెనుక నిలబడ్డాడు. కాసేపు మా కొత్త ఊరి జనాభా ఇద్దరే. మూడోదాన్ని నేను.