పన్నెండో పొట్లం

కమాన్ ద్వారం దగ్గర బండి మీద శనగలు వేగుతున్న వాసనకు నిన్న పొద్దున ఆగిపోయాను. ఆగి, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయినవన్నీ లెక్కపెట్టాను. బురుజు వైపు మెట్లు తొమ్మిది. దుకాణాల అరుగులు నాలుగు. వేపచెట్టు ఒకటి. దాని కింద మల్లవ్వ కూర్చునే బండ ఒకటి. యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం నిలిపిన రాయిని మాత్రం పది అడుగులు వెనక్కి జరిపి ఉంచారు.

మల్లవ్వ మా పక్కింటావిడ. ఆ రాతి ముందు వేయించిన శనగలు అమ్మేది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. గంజిలో, అంటే ధాన్యం బజారులో, బస్తాల లెక్క రాసేవాణ్ణి. బడికి పోకుండానే ఉర్దూ అంకెలు కూడా నేర్చుకున్నానని కొంచెం గర్వం ఉండేది. యుద్ధం ముగిశాక రాయి నిలిపిన వారంలోనే ఆమె నన్ను దాని దగ్గరికి పిలిచింది.

"లెక్కలాయనా, గిండ్ల ఎందరని రాసిన్రు?"

"పదకొండు మంది అవ్వా."

"నా రాములుతోని పన్నెండు."

రాములు ఆమె ఒక్కగానొక్క కొడుకు. పల్టన్‌కు వంటవాడిగా పోయి, సిపాయిలతోపాటే బాంబు పడి చనిపోయాడు. రాతి మీద పదకొండే ఉందన్నాను, అదేదో నేనే చెక్కినట్టు.

"రాయి ఎవలింటికి పోయి లెక్కవెట్టింది బిడ్డా?"

గంజికి సెలవు వచ్చినప్పుడల్లా చనిపోయినవాళ్ల ఇళ్లకు ఇద్దరం నడిచాం. ఇబ్రహీంపూర్ దాకా పోయాం. రాయి చూడవచ్చిన ప్రతి తల్లితోనూ మాట్లాడింది కనుక ఇళ్లన్నీ ఆమెకు తెలుసు. గడప దగ్గర నేను తొందరపడి కాగితం మీద గీత గీయబోతే చెయ్యి పట్టుకునేది. "ఆగు. ఆమె నోటితోని పేరు చెప్పనియ్యి." అలా పదకొండు గీతలయ్యాయి. పన్నెండోది మల్లవ్వ వాకిట్లో, ఆమె చెప్పాకే గీశాను.

రాములును కూడా లెక్కలో కలపమని అర్జీ రాసి ఆమెను సర్కారు కచేరీకి తీసుకుపోయాను. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. "తుపాకి పట్టినోళ్లనే రాసినం అమ్మా. వంటోళ్లు లెక్కల రారు."

"తుపాకి పట్టినోళ్లు బువ్వ తినకుంటనే కొట్లాడిన్రా?"

అతను తల దించుకున్నాడు గానీ అర్జీ తీసుకోలేదు.

మర్నాటి నుంచి రోజూ అమ్మకం మొదలుపెట్టే ముందు, రాతి కింద మోదుగాకుల్లో పన్నెండు శనగ పొట్లాలు పెట్టేది. బండ్లవాళ్లు తినిపోయేవారు. పన్నెండెందుకని ఎవరైనా అడిగితే ఆ రోజంతా ఆమె ముఖం తేటగా ఉండేది. పూలు పెట్టవచ్చు కదా అన్నాను ఒకసారి. "వంటోని పేరు మీద పెట్టేది తినేదుండాలె. నీకు లెక్కలొస్తయి గని గింత తెల్వదా?" అని నవ్వింది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. తర్వాత మనుషులను లెక్కించే పని ఏది వచ్చినా గడప దాకా పోయాను. ఆ ఇంటివాళ్ల నోట పేరు విన్నాకే గీత గీశాను.

నిన్న ఒక పనివాడు రాతి మీద అరిగిన ఉర్దూ రాతను తెలుగులో చెక్కుతున్నాడు. మల్లవ్వ సంగతి, పన్నెండు ఇళ్ల పేర్లూ చెప్పాను. ఉలి పక్కన పెట్టి అంతా విన్నాడు.

"నిజమే సారూ. ఆఫీసోళ్లిచ్చిన కాయితంల పదకొండున్నది. నేనేం జేస్త?"

బండి దగ్గర పన్నెండు పొట్లాలు కట్టించి రాతి కింద పెట్టాను. ఒకటి అతనే తీసుకుని తిన్నాడు, చేతులు దులుపుకున్నాడు, పదకొండు అని చెక్కాడు.

రాతి లెక్కలోకి ఇంకా ఒకరు రావాలి.